గరిట లేని మాల్టా

సింగపూరులో ఎండాకాలమని విడిగా ఏదీ ఉండదు. ఎండ ఉంటుంది, ఎండలో వాన ఉంటుంది, వాన వెలిశాక మళ్ళీ ఎండ ఉంటుంది. అయినా జూన్ నెల దగ్గరపడేసరికి అక్కడి మన తెలుగువాళ్ళకి వేసవి సెలవులు గుర్తొస్తాయి. సెలవులు గుర్తొచ్చాక సముద్రం చూడాలనిపిస్తుంది. చుట్టూ ఉన్నది సముద్రమే కదా అంటే, అది లెక్కలోకి రాదు. పెరటి చెట్టు మందుకు రానట్టే, పక్కనున్న సముద్రం సెలవులకి పనికిరాదు. విమానమెక్కి, ఒళ్ళు హూనం చేసుకుని, ఇంకో దీవికి పోయి, అక్కడి ఎండకి ఎక్కడ నల్లబడిపోతామోనని గొడుగు కింద దాక్కుని కూర్చుంటేనే దాన్ని సెలవంటారు.

అక్కడి ఆంగ్ మో కియో పేటలో తారాదేవి ఇంట్లో ఈ ఏడు వినబడ్డ పేరు మాల్టా.

తారాదేవిది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. చదివింది ఆరో తరగతి. ఆ మాట ఎవరైనా కాస్త జాలిగా అన్నారో, "ఆరోక్లాసుకే ఇంత మాట్లాడుతున్నాను, పదోక్లాసు దాకా లాక్కొచ్చుంటే మీరు తట్టుకోగలిగేవారా?" అని అడుగుతుంది. ఇన్నేళ్ళలో తట్టుకోగలనని ఎవరూ ముందుకి రాలేదు.

ఆమె భర్త జనార్ధనరావు ఓడలు బాగుచేసే యార్డులో సేఫ్టీ ఆఫీసరు. మంటలు లేకపోయినా మంటలంటుకున్నట్టు గంట కొట్టించి, జనాన్ని మెట్ల మీద పరిగెత్తించి, చివర్లో అందరినీ వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. దాన్ని మాక్ డ్రిల్ అంటారు. ఏళ్ళ తరబడి ఆ పని చేసీ చేసీ, ముందొకసారి ఉత్తుత్తిగా చెయ్యకపోతే ఆయనకి ఏ పనీ నిజంగా చేసినట్టుండదు. కూతురు కావ్యశ్రీని బళ్ళో వేసే ముందు, ఆదివారం పూట పిల్లకి యూనిఫారం తొడిగించి, తాళమేసి ఉన్న బడి గేటుదాకా బస్సులో తీసుకెళ్ళి వెనక్కి తెచ్చిన మనిషి. ఇప్పుడా పిల్ల ఉద్యోగం చేస్తోంది. తండ్రి మాత్రం మారలేదు.

ఇక తారాదేవి సంగతికొస్తే, ఈ దీవిలో ఆమెకి చెయ్యి తిరిగిన మనిషని పేరు. ఈస్ట్ కోస్ట్ పార్కులో కార్తీకమాసపు వనభోజనాలు పెడితే, జనం వచ్చీరాగానే అడిగే మొదటి మాట ఉసిరిచెట్టు దొరికిందా అని కాదు, పులిహోర తారాదేవి గారిదేనా అని. ఆ పేరంటే ఆమెకి ప్రాణం. ఆ పేరే ఆమె మెడకి చుట్టుకున్న పలుపుతాడు కూడా. నలుగురు కలిసి ఎక్కడికి బయల్దేరినా, "తారాదేవి గారున్నారుగా" అనేవారు. ఆ ఒక్క మాటతో రైస్ కుక్కరు ఆమె పెట్టెలోకి చేరిపోయేది.

అలా లంకావి చూసొచ్చింది. అక్కడ గ్యాసు మంట సరిగా రాదని చెప్పగలదు. బాలి చూసొచ్చింది. అక్కడ సింకు మరీ చిన్నది. పెర్త్‌లో కరెంటు పొయ్యి, వేడి నిలవదు. "బాలిలో సూర్యాస్తమయం భలే ఉంటుందటగా ఆంటీ" అని ఎవరైనా అంటే, "ఏమోనమ్మా, ఆ టైముకి నేను చారుకి పోపు పెడుతున్నాను" అనేది.

మాల్టా పేరు ఆమెకి పుస్తకాల్లోంచి రాలేదు. ఓసారి యార్డులో ఇంటివాళ్ళని లోపలికి రానిచ్చే పండగేదో పెట్టారు. వచ్చిన ఆడవాళ్ళంతా భోజనాల టెంటు వైపు పోతే, తారాదేవి రేవులో నిలబెట్టిన ఓ ఓడ వెనక్కి వెళ్ళి తలెత్తి చూసింది. ఓడ వెనకభాగాన మనిషంత అక్షరాలున్నాయి. కూడబలుక్కుని వల్లెట్టా అని చదివింది. ఏమిటది అని మొగుణ్ణి అడిగింది.

"మాల్టా అని ఓ దీవుంది, మధ్యధరా సముద్రంలో. దాని ముఖ్యపట్టణం. ఓడని అక్కడ రిజిస్టరు చేయించారన్నమాట. పేరు రాసుకోవడమే గాని, ఈ ఓడ ఆ ఊరి మొహం చూసి కూడా ఉండదు" అన్నాడాయన.

ఒంటి మీద ఊరిపేరు రాసుకుని, ప్రపంచంలో రేవులన్నీ తిరుగుతూ, ఆ ఊరొక్కటే చూడని ఓడంటే ఆమెకి జాలేసింది. పేరు మనసులో పడిపోయింది.

ఆయన రిటైరయ్యే రోజు దగ్గరికొచ్చాక, ఓ సాయంత్రం చాలా ఉదారంగా, "ఎక్కడికెళ్దాం తారా? ఈసారి నువ్వెక్కడికంటే అక్కడికే" అన్నాడు.

"మాల్టా" అంది ఆమె, ఆలోచించకుండా.

కావ్యశ్రీ ఫోనులోంచి తలెత్తింది. "అమ్మా, సెంటోసా ఆల్సో బీచ్ వాట్. వై గో సో ఫార్?"

"పక్కనున్న సెంటోసా దీవికి కూడా మీ నాన్న నా చేత పెరుగన్నం మోయించారే. అందుకని." మొగుడి వైపు తిరిగింది. "ఒక్కటే షరతండీ. నేను గరిట పట్టను. అన్నం వండను, పప్పు పెట్టను, కారప్పొడి డబ్బా కూడా మొయ్యను. సముద్రం ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. ఆకలేస్తే, ఎవరో వండింది ఎవరో తెచ్చిపెడితే తింటాను. ఒప్పుకుంటే చెప్పండి, లేదంటే ఈ ఊసే వద్దు."

"ఒట్టు. గరిట ముట్టుకోనిస్తే అడుగు" అన్నాడు జనార్ధనరావు. అప్పటికి నిజంగానే అన్నాడు.

ఇద్దరితో మొదలైన ప్రయాణం ఇద్దరితో ఆగితే అది తెలుగువాళ్ళ ప్రయాణం ఎందుకవుతుంది? ముందు జురాంగ్ ఈస్ట్ నుంచి సుధాకరరావు ఫోను చేశాడు. జనార్ధనరావుకి యార్డులో పాత స్నేహితుడు. భార్య కూతురి పురుడికని కాకినాడ వెళ్ళింది. "ఒక్కణ్ణీ ఇంట్లో ఏం చేస్తాను బావగారూ, నేనూ వస్తా" అన్నాడు. ఆయన శుద్ధ శాకాహారి. కోడిగుడ్డు పక్కవాళ్ళింట్లో ఉడికినా ఈయనకి ఒంట్లో బాగుండదు. అలాంటి మనిషి మాల్టాలో ఏం తిందామనుకుని బయల్దేరాడో తారాదేవి ఆ ఫోను పెట్టెయ్యకముందే గ్రహించింది.

తర్వాత సెరంగూన్‌లో కాండో అనే ఖరీదైన అపార్టుమెంట్లలో ఉండే కృష్ణప్రసాద్, వాళ్ళావిడ రుచిత చేరారు. ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగాలు, పెళ్ళయి రెండేళ్ళు. అబ్బాయి తెలివైనవాడు, తెలివైనవాణ్ణని తెలిసినవాడు. పిల్ల నెమ్మది. కాండోలో ఈతకొలను ఉందిగా, రోజూ పొద్దున్నే ఆఫీసుకి పోయే ముందు ఈత నేర్చుకుంటోంది. "సముద్రంలో ఎప్పుడూ ఈదలేదాంటీ. మాల్టాలో నీళ్ళు అడుగుదాకా కనిపిస్తాయట" అని తారాదేవితో గుసగుసగా చెప్పింది, అదేదో తప్పు పని చెప్పుకుంటున్నట్టు.

ఇద్దరూ ఐదుగురయ్యాక ఓ వాట్సాప్ గ్రూపు పుట్టింది. దానికి మాల్టా మహాయాత్ర అని సుధాకరరావు నామకరణం చేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. టిక్కెట్లు తీసుకోకముందే మగవాళ్ళు ముగ్గురూ రోజుకో బీచి ఫొటో పెట్టి, అందులో ఉన్న తెల్లవాళ్ళని చూసీ చూడనట్టు చూసి, కింద దణ్ణం బొమ్మలు పెట్టుకునేవారు.

ఓ రోజు ఆ గ్రూపులో కృష్ణప్రసాద్ ఇంగ్లీషులో పొడుగాటి మెసేజి పెట్టాడు. తారాదేవి కూతుర్ని చదవమంది. కావ్యశ్రీ చదివి, ఒక నిమిషం తల్లి మొహం చూసింది.

"హోటల్ వద్దంట. పెద్ద విల్లా చూశారంట. ఫుల్ కిచెన్, నాలుగు బర్నర్ల స్టవ్ అంట. ఆంటీ విల్ బి సో హ్యాపీ, అని రాశాడు."

"ఎవరా ఆంటీ?"

"నువ్వే. దే చోప్‌డ్ యూ, లా."

అక్కడి హాకర్ సెంటర్లలో, అంటే బోలెడు తిండి దుకాణాలు ఒకే కప్పు కింద ఉండే చోట, బల్ల ఖాళీగా కనిపిస్తే దాని మీద ఓ టిష్యూ కాయితాల పేకెట్టు పడేసి తిండి తెచ్చుకోవడానికి పోతారు. ఇక ఆ బల్ల వాళ్ళది. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. పేకెట్టు వేసేముందు బల్లని అడిగేవాళ్ళెవరూ ఉండరు.

జనార్ధనరావు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే తారాదేవి ఎదురెళ్ళింది.

"ఏవండీ, విల్లాట. నాలుగు పొయ్యిలట."

"ఆహా. వంటిల్లుందని వండాలనేముంది తారా? ఉంటే ఉంటుంది."

"నుయ్యి ఉందని దూకాలనేముంది అన్నట్టుంది. మీ ముగ్గురూ నన్ను తీసుకెళ్ళి గట్టుమీద నిలబెట్టి, వెనక చేతులు దులుపుకుంటున్నారు. నేను వండనని వాళ్ళకి చెప్పారా లేదా?"

"చెప్తాను. సందర్భం రావద్దూ?"

ఓడ మునిగిపోతోందని వెయ్యిమంది ముందు మైకులో చెప్పగలిగిన మనిషి ఆయన. మా ఆవిడ వండదు అని ఇద్దరు మగాళ్ళ ముందు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. సందర్భం కోసం ఎదురుచూస్తూ, అది రాకుండా ఉండటానికి ఓ ఉపాయం ఆలోచించాడు. విల్లా ఖాయం చేసేముందు అందరం కలిసి ఈస్ట్ కోస్ట్ బీచిలో ఒక మాక్ డ్రిల్ చేద్దామని గ్రూపులో ప్రకటించాడు. టోపీలు, చాపలు, నీళ్ళ బూట్లు, రాసుకునే క్రీములు, మాల్టాకి ఏవేం తెస్తారో అవన్నీ శనివారం తేవాలి. అక్కడ ఇసక తక్కువ, రాళ్ళు ఎక్కువ గనుక, బండరాళ్ళ గట్టు మీద నడక సాధన కూడా ఉంటుంది.

శుక్రవారం సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. "రేపటి మట్టుకి కాస్త పులిహోర..."

"డ్రిల్లంటే ఏమిటండీ?"

"అదేం ప్రశ్న? అసలు ఎలా జరగాలో అచ్చం అలాగే చెయ్యడం."

"మరి మాల్టాలో నేను వండటం లేదు కదా. రేపూ వండను."

జనార్ధనరావుకి తన వృత్తిధర్మం తనకే అడ్డం తిరిగింది. మంచినీళ్ళు తాగి పడుకున్నాడు. గ్రూపులో మాత్రం ఒక్క అక్షరం రాయలేదు.

శనివారం పొద్దున్నే బీచి కళకళలాడింది. దూరంగా సముద్రంలో లంగరేసిన ఓడలు సంతకొచ్చిన గేదెల్లా వరసగా పడి ఉన్నాయి. సుధాకరరావు ముక్కు మీద తెల్లగా క్రీము పట్టించుకుని, పొడుగు చేతుల చొక్కా, మంకీ క్యాపు లాంటి ఎండ టోపీ వేసుకుని వచ్చాడు. ఎండ తగలని చోటు ఆయన ఒంట్లో ఏదైనా ఉందంటే అంతా అదే. జనార్ధనరావు మెడలో విజిల్ వేలాడేసుకున్నాడు. మొదటి విజిల్‌కి చాపలు పరిచారు. రెండో విజిల్‌కి బండరాళ్ళ మీద నడిచారు. కృష్ణప్రసాద్ ఓ రాయి మీద జారి, ఎవరూ చూడలేదనుకుని లేచాడు. తారాదేవి చూసింది. పక్కనే సైకిలు తొక్కుకుంటూ పోయే చీనా ముసలాయన ఆగి, వీళ్ళేదో మతం వాళ్ళనుకున్నాడో ఏమో, కాసేపు మర్యాదగా నిలబడి వెళ్ళాడు.

రుచిత మోకాళ్ళ దాకా ఉండే నల్లటి ఈతబట్టలు వేసుకుని, నుదుటి మీదికి ఈత కళ్ళద్దాలు ఎత్తిపెట్టుకుని వచ్చింది. ఎప్పుడు నీళ్ళల్లో దిగుదామా అని సముద్రం వైపే చూస్తోంది.

"డ్రిల్లులో తరవాతి అంశం భోజనం" అన్నాడు జనార్ధనరావు, అటూ ఇటూ చూస్తూ.

అందరి కళ్ళూ తారాదేవి సంచి మీద వాలాయి. ఆమె జిప్పు లాగి, అందులోంచి ఓ తువ్వాలు, ఓ విసనకర్ర తీసి, సంచిని మడిచి కింద వేసుకుని దాని మీద కూర్చుంది.

సుధాకరరావు కంగారుపడ్డాడు. "డబ్బాలు టాక్సీలోనే మరిచిపోయారేమో చెల్లెమ్మగారూ. ఫోను చేస్తే వెనక్కొస్తాడు."

"మరిచిపోలేదండీ. తేలేదు. నేను వండటం మానేశాను. మీ బావగారు చెప్పలేదా?"

బావగారు విజిల్‌ని చొక్కాతో తుడుస్తున్నాడు.

తారాదేవికి ఆ నిశ్శబ్దం తియ్యగా ఉంది. ఇన్నేళ్ళకి ఒక మాట పూర్తిగా అనేసింది. అప్పుడు రుచిత మొహమాటపడుతూ తన బ్యాగులోంచి ఓ డబ్బా తీసింది.

"నేను కొంచెం పులిహోర చేసుకొచ్చానండీ. ఎవరికైనా ముందుగా ఆకలేస్తుందేమోనని. ఆంటీ చేసినట్టు ఉండదనుకోండి."

నిశ్శబ్దం ఎటు పోయిందో పోయింది. కాయితం పళ్ళేలు వచ్చాయి, చేతులు చాచుకున్నాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని సుధాకరరావు కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా ఈ చేతిని?"

కృష్ణప్రసాద్ చుట్టూ చూశాడు, అది తనే వండినట్టు. "మా ఆవిడ ఆఫీసు పని ఒక్కటే చేస్తుందనుకున్నారా అంకుల్?"

జనార్ధనరావు మొహంలో వెలుగొచ్చింది. ఆయనకి ఈ ప్రపంచంలో కావాల్సిందల్లా గొడవ లేకుండా ఉండటం. "ఇంకేం, సమస్య తీరిపోయింది. విల్లా ఖాయం చేసేద్దాం. వంట సంగతి రుచితమ్మ చూసుకుంటుంది. తారకి పూర్తి రెస్టు. తారా, నువ్వడిగిందే కదా?"

ఆమె అడిగిందే. అక్షరం పొల్లు పోకుండా అడిగిందే. మాల్టాలో గరిట పట్టక్కర్లేదు, ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. తెచ్చిపెట్టే మనిషి కూడా దొరికింది. మరి గుండెలో ఆ మంటేమిటి? ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన సింహాసనం నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి ఒక్క డబ్బాతో పోతుంటే, ఎంత వద్దనుకున్న సింహాసనమైనా మంటగానే ఉంటుంది. పళ్ళెంలోంచి కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుంది. అన్నం పొడిపొడిగా ఉంది. చింతపండు పులుసు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఆవపిండి చివర్న వచ్చి ముక్కుని ఒక్కసారి తాకి వెళ్ళింది. బాగుంది. అదే వచ్చిన చిక్కు.

తలెత్తి రుచితని చూసింది. పిల్ల సిగ్గుతో, సంతోషంతో ఎర్రబడిపోయింది. ఇందాకట్నించి సముద్రం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నుదుటి మీద ఈత కళ్ళద్దాలు అలాగే ఉన్నాయి, చేతిలో గరిట ఉంది. వంగి వంగి ఒకరి తరవాత ఒకరికి మారు వడ్డిస్తోంది. చాప చివర్న ఆమె పళ్ళెం ఖాళీగా, గాలికెగిరిపోకుండా ఓ చెప్పు బరువు పెట్టుకుని పడి ఉంది.

"రాత్రికి చపాతీలు చేస్తావామ్మా అక్కడ?" అన్నాడు సుధాకరరావు, నోరు నిండుగా.

"అయ్యో, చేస్తానంకుల్. అదెంత పని."

తారాదేవి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. అదెంత పని. అచ్చం ఇదే మాట, ఇదే పార్కులో, కావ్యశ్రీ చంకలో ఉండగా తను అంది. అప్పుడు కూడా ఎవరో కళ్ళు మూసుకుని అమృతమన్నారు. ఆ మాటతోనే లంకావి పోయింది, బాలి పోయింది, పెర్త్ పోయింది. ఇప్పుడీ పిల్లకి మాల్టా పోతోంది. పోయేది తనకి తెలుస్తోంది గాని, ఆ పిల్లకి తెలియడం లేదు. ఆ సమయంలో తెలియదు, చెప్పినా ఎక్కదు.

తారాదేవి వంట విషయంలో అబద్ధమాడిన మనిషి కాదు. సత్యనారాయణవ్రతంలో ప్రసాదం నోట్లో పెట్టుకుని, రవ్వ వేగలేదని పురోహితుడి ఎదురుగా చెప్పిన చరిత్ర ఆమెది. పళ్ళెం కింద పెట్టింది. గొంతు పెంచకుండా, అందరికీ వినబడేలా అంది.

"ఇదేమిటమ్మా, పులిహోరా?"

రుచిత చెయ్యి గాల్లో ఆగింది.

"పులుసు పచ్చివాసన పోలేదు. ఇంగువ ఏ దేశంలో ఉందో తెలీదు. పసుపునీళ్ళల్లో అన్నం జారిపడ్డట్టుంది. పొగిడేవాళ్ళు ఆకలి మీద ఉన్నారు గనుక పొగుడుతున్నారు, గడ్డిపెట్టినా ఇలాగే లొట్టలేస్తారు. నలుగురికీ పెట్టే వంట కాదు తల్లీ ఇది. చెయ్యి తిరిగేదాకా ఆగి అప్పుడు పెట్టాలి."

కెరటం వచ్చి, చప్పుడు చేసి పోయింది. రుచిత గరిటని డబ్బాలో పెట్టింది. మూత కూడా పెట్టింది. నుదుటి మీదున్న కళ్ళద్దాల్ని కళ్ళమీదికి లాక్కుంది. అద్దాల వెనక ఏముందో ఎవరికీ కనబడకుండా తిరిగి, నేరుగా నీళ్ళల్లోకి నడిచి, నడుము లోతు రాగానే ఈదుకుంటూ పోయింది.

కృష్ణప్రసాద్ లేచి నిలబడ్డాడు. "ఇది టూమచ్ ఆంటీ. మీరు చేస్తేనే పులిహోరా? ఇంకొకరికి పేరొస్తే ఓర్చుకోలేరా?"

"ఉన్నమాట అన్నాను నాయనా."

"సరే అయితే. ఇంక మా ఆవిడ ఒక్క గింజ కూడా వండదు. మాల్టాలోనే కాదు, ఎక్కడా వండదు. నేను ఒప్పుకోను."

"నీ ఇష్టం" అంది తారాదేవి. కుర్రాడు తన కోపాన్ని తనే గట్టిగా ముడేసుకుంటున్నాడు. ఆ ముడి ఆమె వేస్తే ఇంత బిగిసేది కాదు.

సుధాకరరావు డబ్బా మూత వైపు, మనుషుల వైపు మార్చి మార్చి చూశాడు. "అదంతా సరే. మరి నా సంగతేమిటి?"

"ఆ దీవిలో కూరగాయలు పండవా అన్నయ్యగారూ? అక్కడ జనం వాటిని ఉడకబెట్టుకోరా? మీకు మరీ భయంగా ఉంటే ఓ కుక్కరు కొనుక్కోండి. బియ్యం, నీళ్ళు, మీట. యార్డులో క్రేన్లు నడిపించారు, మీట నొక్కలేరా?"

క్రేన్ల మాట వచ్చాక ఆయన ఫోను తీసి కుక్కర్ల ధరలు వెతకడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది జనార్ధనరావు. అందరూ ఆయన వైపు చూశారు. డ్రిల్లు చేసేది లోపాలు బయటపెట్టడానికే గనుక ఆయన తేరుకుని, విజిల్ సర్దుకుని, యార్డులో రిపోర్టు చదివే గొంతుతో అన్నాడు. "ఇవాళ తేలిందేమిటంటే, మన పార్టీలో వండే మనిషి లేరు. వండే మనిషి లేనప్పుడు వంటిల్లున్న విల్లా దండగ. హోటలు చూద్దాం, పొద్దున్న ఫలహారం వాళ్ళే పెట్టేది. అక్కడే సముద్రం ఎదురుగా ఉండాలి." ఆ నిర్ణయం మొదట్నుంచీ తనదే అన్నట్టు చెప్పి, సమావేశం ముగిసిందని విజిల్ ఊదాడు. మగవాళ్ళు ముగ్గురూ మధ్యాహ్నం తిండికి బల్ల చోప్ చెయ్యడానికి దగ్గర్లోనే ఉన్న హాకర్ సెంటరు వైపు బయల్దేరారు. పోతూ పోతూ సుధాకరరావు పులిహోర డబ్బా చంకన పెట్టుకున్నాడు. తినడానికి పనికిరాదన్న మాట ఆయన దాకా రాలేదు.

తారాదేవి ఒంటరిగా కూర్చుంది. సాయంత్రానికి ఈ కబురు జురాంగ్ ఈస్ట్ దాటుతుందని ఆమెకి తెలుసు. పిల్లకి పేరొస్తే ముసల్ది ఓర్చుకోలేకపోయిందని ప్రతి వంటింట్లోనూ అనుకుంటారు. వచ్చే కార్తీకమాసంలో ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటారు. అనుకోనీ, పొడుచుకోనీ. అయినా, తను కోరి తెచ్చుకున్నదైనా గుండెలో మంట అంత తొందరగా చల్లారదు. పాతికేళ్ళ వంట పేరు ఒక్క అబద్ధానికి పోయింది, అది కూడా మంచి పులిహోర మీద ఆడిన అబద్ధానికి.

చాలాసేపటికి రుచిత నీళ్ళల్లోంచి వచ్చింది. ఇసక కడుక్కునే కుళాయి దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. కళ్ళద్దాలు తీసిన చోట కళ్ళచుట్టూ గుండ్రంగా అచ్చులు పడ్డాయి. పిల్ల కాళ్ళు కడుక్కుంటూనే, తలెత్తకుండా అంది.

"నేను కూడా తిన్నానాంటీ. పొద్దున్న డబ్బాలో పెట్టేముందు."

"ఊఁ."

"పచ్చివాసన లేదు. ఇంగువ వేశాను. మీకు తెలియకుండా ఉండదు."

"తెలిసింది. బాగుంది. ఆవపిండి ఎవరు నేర్పారు, మీ అమ్మా?"

రుచిత కుళాయి కట్టేసింది. "అమ్మమ్మ. మరి ఎందుకన్నారాంటీ?"

"నువ్వు చపాతీలు కూడా చేస్తానన్నావు గనుక. వాళ్ళకి బాగుందని ఒక్కసారి తెలిస్తే, నువ్వు అడుగుదాకా కనబడే నీళ్ళు చూసేది వంటింటి కిటికీలోంచే. నన్నడుగు, చెప్తాను."

పిల్ల జుట్టు పిండుకుంది, నీళ్ళు భుజాల మీదుగా కారాయి. అర్థమైందని మొహం చెబుతోంది. అర్థమైనంత మాత్రాన నొప్పి పోలేదని కూడా చెబుతోంది.

"నా చెవిలో చెప్పుండచ్చుగా ఆంటీ. అంతమందిలో అనకపోతే."

"చెవిలో చెప్తే వినేదానివి కాదమ్మా. ఆ టైములో చెవులు మనవి కావు."

రుచిత తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని సముద్రం వైపు చూసింది. "ఇవాళ కెరటాల్లో చాలా దూరం వెళ్ళాను. అంత దూరం వెళ్ళగలనని నాకే తెలీదు. కోపంలో తెలీలేదు." తరవాత గొంతు గట్టిపడింది. "కానీ మిమ్మల్ని క్షమించలేదాంటీ. మాల్టాలో మీ పక్కన కూర్చోను."

"కూర్చోకు" అంది తారాదేవి, పాదాలు ఒకదాని తరవాత ఒకటి కుళాయి కింద పెట్టి. "ఒడ్డు పొడుగ్గానే ఉంటుందిట."